వరి మడిలో బత్తాయి: తడి నేలలో చెట్టు ఎందుకు వాడుతుంది?

నల్లగొండ జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం సారాంశం ఇది. ఆమె జిల్లా కేంద్రంలో ఉపాధ్యాయురాలు. సొంత ఊళ్లో ఆమె తండ్రికి నాలుగు ఎకరాల బత్తాయి తోట ఉంది. అందులో పై ఎకరం మొదటి నుంచీ ఎర్ర చెలక. కింది మూడు ఎకరాలు చెరువు ఆయకట్టులో తరతరాలుగా వరి పండిన మడులు. చెరువు నీటి మీద నమ్మకం సడలి, బోరు కింద వరి సాగక, ఏడేళ్ల కిందట తండ్రి ఆ మడులను కూడా కలుపుకొని మొత్తం బత్తాయి నాటారు. రెండేళ్లుగా కింది మూడు ఎకరాల్లో ఆకు పసుపు తిరుగుతోంది, కొమ్మలు చివళ్ల నుంచి ఎండుతున్నాయి, కాయ నిమ్మకాయంత అయ్యేలోపే రాలిపోతోంది. కొన్ని చెట్ల మొదళ్లలో బంక కారుతోంది. మధ్యాహ్నం పూట ఆకులు వాడి ముడుచుకోవడం చూసి, నీళ్లు చాలలేదని తండ్రి పాదులు నింపుతూ వస్తున్నారు. మందుల దుకాణంలో చెప్పినట్టు యూరియా వేశారు, జింకు పిచికారీ చేశారు, పాదుల్లో శిలీంధ్ర మందులు పోశారు. ఒక ఆదివారం ఆమె వెళ్లి మోటారు ఆపివేస్తే, "అయితే ఈ చెట్లు నా చేతుల మీదనే చస్తున్నాయా?" అని అడిగిన తండ్రి ఆ తర్వాత తోట మాట కూతురి దగ్గర ఎత్తడం లేదు. హైదరాబాదులో ఉన్న అన్న, తోట పీకేసి మళ్లీ వరి వేయాలని, లేకపోతే అమ్మేయాలని పట్టుబడుతున్నారు. మూడేళ్ల కిందట చెరువు పూడిక తీసినప్పుడు తండ్రి ఆ మట్టిని నాలుగు ఎకరాలకూ తోలించి, చెట్ల మొదళ్ల చుట్టూ జానెడు మందాన వేయించారన్న సంగతి ఉత్తరం చివర ఒక్క వాక్యంలో ఉంది. చెట్లను ఉంచాలా, పీకాలా, తండ్రికి ఎలా చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన సంగతిని మీరు పక్కకు నెట్టేశారు. పై ఎకరంలో చెట్లు బాగున్నాయని, పూడిక మట్టి వేసిన తర్వాత ఇంకా పచ్చబడ్డాయని రాశారు. అవే అంట్లు, అదే బోరు నీరు, అవే ఎరువులు, అదే మనిషి చేతులు. ఒక ఎకరం నవనవలాడుతూ, మూడు ఎకరాలు నీరసించిపోతుంటే, తేడా మీ నాన్నగారి శ్రద్ధలో లేదు, అంట్లలో లేదు, చాలా మటుకు తెగులులో కూడా లేదు. ఆ తేడా నేలలో ఉంది. తెగులు ఉన్న మాట నిజమే కావచ్చు, కానీ అది ఊపిరాడని వేరు మీదికి తర్వాత వచ్చి చేరినదని నా అంచనా.

వేరు నీటిని తీసుకోవాలంటే దానికి శక్తి కావాలి, ఆ శక్తికి ప్రాణవాయువు కావాలి. మంచి తోట నేలలో ఘనపరిమాణంలో సుమారు సగం మట్టి, సగం ఖాళీ జాగా ఉంటుంది. ఆ ఖాళీలో సగం నీరు, సగం గాలి ఉన్నప్పుడు వేళ్లు హాయిగా పని చేస్తాయి. గాలి నిండిన జాగా నేలలో పదో వంతు కంటే తగ్గితే చాలా చెట్ల వేళ్ల పెరుగుదల కుంటుపడుతుంది. ఖాళీలన్నీ నీటితో నిండిపోతే పైనుంచి ప్రాణవాయువు లోపలికి రావడం దాదాపు ఆగిపోతుంది, ఎందుకంటే అది గాలిలో ప్రసరించే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు పదివేల వంతులు నెమ్మదిగా కదులుతుంది. వెచ్చని నేలలో మిగిలి ఉన్న కాస్త ప్రాణవాయువును వేళ్లు, సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లోనే వాడేస్తాయి. అప్పుడు చుట్టూ నీళ్లున్నా వేరు తాగలేదు. ఆకు మాత్రం ఎండకు నీరు వదులుతూనే ఉంటుంది. అందుకే తడి నేలలో నిలబడిన చెట్టు మధ్యాహ్నం అచ్చం దప్పికతో ఉన్న చెట్టులాగానే వాడుతుంది. మీ నాన్నగారు చూసిన ఆకు వాడటం నిజమైనదే. చెలకలో పెరిగిన అనుభవంతో ఆయన దానికి చెప్పుకున్న కారణం సహజమైనదే. ఈ మూడు ఎకరాల్లో మాత్రం ఆ కారణం తలకిందులైంది, పోసిన ప్రతి తడీ వేరుకు ఉన్న కాస్త గాలినీ తీసేసింది.

వరి అదే నీటిలో బతికిందంటే దాని కట్టడం వేరు. వరి కాండంలో, వేళ్లలో గాలి నాళాలు ఉంటాయి. ఆకు నుంచి ప్రాణవాయువు వాటి గుండా వేరు కొసదాకా దిగుతుంది. బత్తాయికి ఆ ఏర్పాటు లేదు. పైగా వరి కోసం ఏటా దమ్ము చేసినప్పుడు మట్టి గడ్డలు చితికి, సన్నని రేణువులు కిందికి దిగి, ట్రాక్టరు బరువుకు జానెడు లోతున ఒక గట్టి పొర కడుతుంది. నీరు ఇంకకుండా మడిలో నిలవడానికి వరి రైతు కోరి తయారు చేసుకునే పొర అది. వరికి మేలు చేసిన ఆ పొరే బత్తాయి కింద నీటిని నిలిపే తొట్టిలా మారుతుంది. నాటేటప్పుడు తవ్విన గుంతలు దాన్ని ఒక్కొక్క చోట చీల్చి ఉంటాయి కాబట్టి మొదటి నాలుగైదేళ్లు చెట్లు బాగానే పెరిగాయి. వేళ్లు గుంత దాటి విస్తరించే వయసు వచ్చేసరికి అడ్డు తగిలింది. మీ ఇబ్బంది రెండేళ్ల కిందటే బయటపడటానికి ఇది సరిపోయే కారణం.

ఇప్పుడు చెరువు మట్టి సంగతి. 2015లో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైన నాటి నుంచి తెలంగాణ పల్లెల్లో పూడిక మట్టి పొలాలకు తోలడం మళ్లీ ఊపందుకుంది, చెలక నేలలకు దాని వల్ల ఎంతో మేలు జరిగింది. గరుకు ఎర్ర నేలలో బంకమన్ను తక్కువ, తేమ నిలవదు. పూడిక మట్టి ఆ లోటు తీరుస్తుంది. మీ పై ఎకరంలో జరిగింది అదే. ముందే బంకగా ఉన్న కింది మడుల్లో అదే మట్టి పైన మరొక మూత వేసింది. దానికంటే కీడు చేసినది మొదలు చుట్టూ వేయడం. అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున ఉండాలనడానికి గట్టి కారణం ఉంది: పైన ఉన్న సాత్‌గుడి రకం బత్తాయి బెరడు ఫైటోఫ్తోరా అనే, శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవికి తేలికగా లొంగుతుంది, కింద ఉన్న రంగపూర్ నిమ్మ వంటి మూలకాండం (అంటుకు వేరు భాగంగా వాడే మొక్క) దానికంటే మెరుగ్గా తట్టుకుంటుంది. అంటు భాగం తడి మట్టిలో మునిగితే ఆ రక్షణ పోతుంది, బంక కారడం మొదలవుతుంది. ఈ సూక్ష్మజీవి బీజాలు నీటిలో ఈదుతాయి. పాదు నింపి, అక్కడి నుంచి పక్క పాదుకు నీళ్లు పారించే పద్ధతిలో అవి చెట్టు నుంచి చెట్టుకు చేరుతాయి.

మీరు పెట్టిన ఖర్చులు ఎందుకు ఫలించలేదో కూడా దీనితోనే తెలుస్తుంది. గాలి లేని నేలలో వేసిన యూరియా నుంచి తయారైన నైట్రేటులో చాలా భాగాన్ని సూక్ష్మజీవులు వాయువుగా మార్చి పైకి పంపేస్తాయి. ముదురు ఆకులు పసుపు కావడం నత్రజని అందకపోవడానికి గుర్తు; లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఎక్కువగా ఇనుము అందకపోవడం, సున్నం ఉన్న తడి నేలల్లో తరచూ కనిపించేది. ఆకు మీద పిచికారీ చేస్తే కొన్నాళ్లు పచ్చబడుతుంది కానీ వేరు కోలుకోదు. శిలీంధ్ర మందులను నేను వద్దనను, అవసరమైన చోట అవి అవసరమే. నీళ్లు నిలిచే పాదులో పోసిన మందు మీద మళ్లీ మళ్లీ డబ్బు పెట్టవద్దని మాత్రం చెబుతాను.

ఇదంతా మీ ఉత్తరం చదివి నేను ఊహించినది. నిర్ణయానికి ముందు నేలను తెరిచి చూడాలి. కింది తోటలో బాగున్న చెట్టుకూ ఎండుతున్న చెట్టుకూ మధ్య, ఆకు నీడ అంచున, మూడు అడుగుల లోతు గొయ్యి తవ్వించండి. పై ఎకరంలో ఇంకొకటి. తవ్వేటప్పుడు గడ్డపార ఎక్కడ బిగుసుకుంటుందో చూడండి. వేళ్లు ఒకే లోతున పక్కకు తిరిగి చాపలా అల్లుకున్నాయంటే అక్కడ గట్టి పొర ఉంది. బూడిద రంగు మట్టిలో తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే, అక్కడ నీరు చాలా కాలం నిలిచి ఆరుతోందని అర్థం. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి పూర్తిగా పోయిందని అర్థం. సన్నని వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగినప్పుడు పై తొక్క ఊడి లోపలి దారం మిగిలితే అది వేరుకుళ్లు. పక్కనే రెండడుగుల చిన్న గుంత తీసి నీళ్లు నింపి, ఇంకనిచ్చి, మళ్లీ నింపి చూడండి. రెండోసారి గంటకు సెంటీమీటరు కూడా దిగకపోతే ఆ నేల బత్తాయిని అలాగే మోయలేదు.

మట్టి పరీక్షకు పైపైన గుప్పెడు తీసి పంపితే చాలదు. అడుగు, రెండడుగులు, మూడడుగుల లోతుల నుంచి విడివిడిగా నమూనాలు తీసి, ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సున్నం, సోడియం చూడమని అడగండి. బోరు నీటిని కూడా పరీక్ష చేయించండి. నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడు గురించి అందరికీ తెలుసు. తోటకు సంబంధించినంత వరకు చూడవలసింది సోడియం, బైకార్బొనేట్లు. అవి ఎక్కువగా ఉన్న నీరు ఏళ్ల తరబడి పారిస్తే మట్టి రేణువులు విడిపోయి, నేల గుల్లదనం పోయి, పైన పెళుసు పొర కడుతుంది. నేలలో సోడియం ఎక్కువని తేలితేనే జిప్సం పని చేస్తుంది. కేవలం దమ్ము వల్ల గట్టిపడిన నేలకు జిప్సం వేస్తే దాని నుంచి పెద్దగా ఆశించేది లేదు. బంక నేలలో ఇసుక కలపమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి, నాలుగు ట్రాక్టర్ల ఇసుకతో మూడు ఎకరాల బంకమన్ను స్వభావం మారదు.

గొయ్యి తవ్వే రోజు మీ నాన్నగారు అక్కడ ఉండాలి. ఆయనకు చూపించడానికని కాదు, ఆయనను అడగడానికి. ఆ మడుల్లో ఏ మూల నీళ్లు ముందు నిలిచేవి, ఏ గట్టు కింద ఊట ఉండేది, దమ్ము ఎంత లోతు చేసేవారు అన్నవి ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియవు, ఆ సమాచారం లేకుండా కాలువ ఎక్కడ తీయాలో ఏ అధికారీ సరిగ్గా చెప్పలేరు. ఆయన అడిగిన ప్రశ్న మిమ్మల్ని చాలా బాధపెట్టిందని ఉత్తరంలో తెలుస్తోంది. దానికి "లేదు నాన్నా" అని ఊరికే ఓదార్చితే ఆయన నమ్మరు. పై ఎకరం దగ్గర నిలబడి, ఇక్కడ ఆయన చేసిన పని ఎందుకు ఫలించిందో ముందు మాట్లాడండి. అదే పని కింద ఎందుకు ఫలించలేదో గొయ్యిలో ఆయనే చూస్తారు. ఇంకొక మాట కూడా చెప్పాలి: మోటారు ఆపడం నేల విషయంలో సరైన పనే, మనిషి విషయంలో కాదు. నీళ్లు ఎప్పుడు పెట్టాలో నిర్ణయించే అధికారం ఆయన దగ్గరే ఉండనివ్వండి, కొలత మాత్రం మార్చండి. ఆకును చూసి కాకుండా, ఆకు నీడ అంచున అడుగు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిసికి చూడమనండి. ముద్ద కట్టి అరచేతికి తేమ అంటుతుంటే ఆ పూట తడి అక్కరలేదు. ముద్ద కట్టినా వేలితో నొక్కితే పొడి పొడిగా విడిపోతుంటే తడి ఇవ్వవచ్చు. నలభై ఏళ్లు మట్టిని పట్టుకున్న చేతికి ఇది మీకంటే నాకంటే బాగా తెలుస్తుంది.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది, నాలుగు ఎకరాలూ నిలుపుకోవడం. దీనికి వెంటనే చేయవలసింది మొదళ్ల చుట్టూ వేసిన పూడిక మట్టిని చేత్తో, చిన్న తవ్వుగోలతో, బెరడుకు గాయం కాకుండా తీసి, అంటు భాగాన్ని గాలికి తెరవడం. ఎండలు ముదరకముందే, చలి రోజుల్లోనే ఈ పని అయిపోవాలి. బంక కారుతున్న చోట చెడిన బెరడును గీకి, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లతో చేసిన బోర్డో పేస్టు పూయాలి. మొదలు చుట్టూ లోపలి కట్ట, ఆకు నీడ అంచున వెలుపలి కట్ట వేసి, నీరు ఆ రెండింటి మధ్యనే పారేలా జంట పాదులు చేయాలి. డ్రిప్ పెట్టుకోగలిగితే ఇంకా మంచిది, అప్పుడు కూడా బంక నేలలో రోజూ కాకుండా ఎడం ఇచ్చి తడపాలి. వరుసల మధ్య రెండు మూడు అడుగుల లోతు మురుగు కాలువలు తీయాలి. వేసవిలో నేల బాగా ఎండినప్పుడు చిజిల్ నాగలితో గట్టి పొరను చీల్చాలి, అదీ వరుసల నడిమధ్య, ఈ ఏడు ఒక వైపు, వచ్చే ఏడు రెండో వైపు, వేళ్లన్నీ ఒకేసారి తెగకుండా. తడి నేలలో ఈ పని చేస్తే పొర పగలదు, నాగలి రాసుకున్న చోట ఇంకా నున్నగా మూసుకుపోతుంది. రోటావేటరును తోట నుంచి దూరంగా ఉంచడం మేలు. పైన బెత్తెడు మట్టిని పిండి చేసి, కింద మరొక గట్టి పొరను కట్టేది అదే. చీల్చిన నేల తెరుచుకునే ఉండాలంటే దానికి సేంద్రియం అందాలి. వానాకాలంలో వరుసల మధ్య జీలుగ చల్లి, పూతకు ముందు కోసి అక్కడే పరచండి. జనుము చెలకలో బాగుంటుంది కానీ నీళ్లు నిలిచే చోట నిలబడదు. ఈ దారిలో ఫలితం రెండు వానాకాలాల తర్వాత గానీ తేటగా కనిపించదు, ఖర్చు ముందే అవుతుంది, కొన్ని చెట్లు అప్పటికీ పోతాయి.

రెండో దారి, తోటను విభజించడం. నాకు ఎక్కువ మొగ్గు దీని వైపే ఉంది. కింది చెట్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూసి మూడు రంగుల గుడ్డ పేలికలు కట్టండి: మొదలు చుట్టుకొలతలో సగానికి మించి బెరడు చెడినవి, కొమ్మలు ఎండుతున్నా కొత్త చిగురు వేస్తున్నవి, బాగున్నవి. మొదటి రకం కోలుకోవడం అరుదు. అవి ఎక్కువగా పల్లంలో ఒకే చోట ఉన్నాయని తేలితే, ఆ భాగాన్ని వదులుకొని మిగతా తోటను కాపాడుకోవడం తెలివైన పని. అయితే ఆ పల్లంలో మళ్లీ వరి వేస్తే ఊట పక్క చెట్ల కిందికి వస్తుంది. మధ్యలో గట్టి పొర దాటేంత లోతైన కాలువ లేకుండా వరినీ బత్తాయినీ పక్కపక్కన పెట్టడం అంటే మిగిలిన తోటను కూడా అదే దారి పట్టించడం. ఈ జాగ్రత్త మీ అన్నయ్యకు ప్రత్యేకంగా చెప్పండి.

మూడోది, కింది మూడు ఎకరాలూ పీకి, నేలను సరిచేసి మళ్లీ బత్తాయి నాటడం. లోతు దుక్కి, పచ్చిరొట్ట, ఎత్తు కట్టల మీద నాటడం, అంటు భాగం ఎప్పటికీ నేల పైనే ఉండేలా చూసుకోవడం. సాంకేతికంగా ఇదే శుభ్రమైన పద్ధతి. కానీ సరైన కాపుకు మళ్లీ ఐదారేళ్లు పడుతుంది, అప్పటికి మీ నాన్నగారి వయసు, మీ ఉద్యోగం, అన్నయ్య ఆసక్తి ఎలా ఉంటాయో మీరు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. మొత్తం వరికి పోవడం నాలుగోది. నేల దానికి సిద్ధంగానే ఉంది, బోరు సిద్ధంగా ఉందా అన్నదే ప్రశ్న, ఏడేళ్ల కిందట మీ నాన్నగారు వరి మానింది అందుకే కదా. అమ్మకం గురించి నేను చెప్పేది ఒక్కటే: గొయ్యి తవ్వకముందు, పరీక్షల ఫలితాలు రాకముందు ఆ నిర్ణయం తీసుకోకండి.

ఏ దారి ఎంచుకున్నా మురుగు నీరు ఎక్కడికి పోతుందో ముందే తేల్చుకోవాలి. బయటికి దారి లేని కాలువలో నీరు నిలిచి, తోటలో పొడవాటి కుంటగా మిగులుతుంది. కింది పొలం వేరొకరిదైతే వారితో మాట్లాడి, గట్టు వెంట వాగుదాకా లేదా పంట కాలువదాకా దారి ఒప్పించుకున్న తర్వాతే జేసీబీని పిలవండి. ఈ ఒప్పందానికి కూడా ఊళ్లో మాట చెల్లేది మీ నాన్నగారికే.

ఇప్పుడు చెట్ల మీద ఉన్న కాయల గురించి అడిగారు. పై ఎకరంలో ఎప్పటిలాగే కాపు తీసుకోండి. కింది తోటలో రెండో రకం పేలిక కట్టిన చెట్ల నుంచి కాయలను ఇప్పుడే దింపేయండి. దెబ్బతిన్న వేళ్లతో కాయను మోసే చెట్టు కొత్త వేరు వేయలేదు. సంక్రాంతి తర్వాత వచ్చే పూత కోసం నీళ్లు ఆపి పెట్టే బెట్ట కూడా ఈ ఏడు వాటికి వద్దు. ఎండిన కొమ్మలను పచ్చి భాగం దాకా కత్తిరించి, కోతల మీద అదే బోర్డో పేస్టు పూయండి. కొత్త చిగురు వచ్చేదాకా యూరియా జోలికి పోకుండా, చివికిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని కలిపి, మొదలుకు తగలకుండా ఆకు నీడ అంచున వేసి ఊరుకోండి.